బోరు కాడి కారు

మెదక్ పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల మండలాల వారికి సంతోషంతో తెలియజేసేదేమంటే, మాజీ మార్కెట్ కమిటీ డైరెక్టరు, కాబోయే కౌన్సిలరు శ్రీ ఇంద్రకరణ్ గారు కొన్న విలాసవంతమైన ఎలక్ట్రిక్ కారు రోజువారీ సంసారానికి పనికొస్తుందా లేదా అన్న పరిశీలన విజయవంతంగా పూర్తయింది. పనికొస్తుందని తేలింది. ఎట్లా తేలిందో నలుగురికీ చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

కొన్నాక పరిశీలన ఏమిటి, కొనేముందు కదా చూసుకోవాలి అని పట్నం పాఠకులు అడగవచ్చు. మా వైపు కొనేముందు చూసేది ముహూర్తం. పరిశీలన ఆ తర్వాత. పెళ్లి సంబంధాలు కూడా ఇదే పద్ధతిలో కుదురుతున్నాయి, ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చేసినట్టు లేదు.

ఇంద్రకరణ్ గారికి పర్యావరణం మీద ప్రేమ హఠాత్తుగా పుట్టింది. అదే వార్డు టికెట్టు అడుగుతున్న చంద్రకాంత్ పెద్ద డీజిలు బండి కొన్న మరునాడు పుట్టింది. కారు కంపెనీ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. దాన్ని ఇంద్రకరణ్ గారు ఒక రకంగా, కొడుకు అభిలాష్ ఒక రకంగా, కూతురు కృతిక ఇంకో రకంగా పలుకుతారు. ఆయన భార్య పద్మమ్మ మొదటి రోజు నుంచీ "గా బండి" అంటున్నారు. ఈ నలుగురే పరిశీలనా సంఘం సభ్యులు. అధ్యక్షుడు ఎవరో చెప్పక్కర్లేదు.

మొదట కారును ఏడుపాయల గుడికి తీసుకెళ్లారు. ఈ బండి పొగ వదలదు, ఏ ప్రాణికీ హాని చేయదు అని షోరూం వాళ్లు చెప్పిన మాటకు కుటుంబమంతా మురిసిపోయి, ఆ సంతోషంలో అమ్మవారి ముందు ఒక యాటపోతును కోసింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి మీద ఎక్కడెక్కడ గుండ్రంగా కనిపిస్తే అక్కడల్లా పసుపు, కుంకుమ దిద్దారు. ఆ గుండ్రటివన్నీ కారు కళ్లని, అంటే కెమెరాలని, తర్వాత తెలిసింది. కళ్లలో కుంకుమ పడ్డ కారు ఎవరు బతిమాలినా కదలలేదు. అమ్మవారు ఇంకా సెలవు ఇవ్వలేదని పూజారి అన్నాడు. తడిగుడ్డతో తుడవమని షోరూం మనిషి ఫోనులో అన్నాడు. ఎవరి మాటా తీసేయడం ఇష్టంలేక ఇంకో కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లతోనే తుడిచారు. కారు కదిలింది. ఘనత ఎవరిదన్నది ఈ రోజుకూ తేలలేదు.

సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయరాదని సంఘం తొలి సమావేశంలోనే తీర్మానించింది. సీటు తోలుకు గాలి ఆడుతుందని షోరూంలో గొప్పగా చెప్పారు గానీ, మా ఎండలో ప్లాస్టిక్ మీద కూర్చున్న మనుషులకు ఆడలేదు. పైకప్పు మొత్తం అద్దం. లోపల కూర్చుని చుక్కలు చూడవచ్చట. మెదక్ ఎండలో పట్టపగలే కనిపించాయి. పద్మమ్మ ఒక పాత దుప్పటి తెచ్చి పైన కప్పి, కిటికీల్లోంచి తాళ్లు వేసి బిగించారు. అప్పటి నుంచి కారు చూడటానికి పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్న రోగిలా ఉండేది.

రోజువారీ వాడకం అంటే ఏమిటో సంఘంలో పద్మమ్మ ఒక్కరికే తెలుసు. కూరగాయలు తేవాలి, గ్యాస్ బండ తేవాలి, కృతికను కాలేజీ దగ్గర దింపాలి, శంకరంపేట నుంచి అక్క వస్తే బస్టాండు నుంచి తీసుకురావాలి. కాబట్టి తొలి పరీక్ష కూరగాయల మార్కెట్టు. ముందు ఏదైనా అడ్డమొస్తే కారు దానంతటదే ఆగుతుంది. ఇది ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటు. మెదక్ బజారులో ముందు ఏదీ అడ్డం లేని క్షణం ఉండదు. కారు బర్రెకు ఆగింది, తోపుడు బండికి ఆగింది, ఎదురుగా తప్పుదారిలో వస్తున్న మోటరు సైకిలుకు ఆగి దారి కూడా ఇచ్చింది. ఇంత మర్యాద తెలిసిన వాహనం మా పట్టణంలో ఇంతకుముందు లేదు. వెనకాల ఉన్నవాళ్లు హారన్లు కొట్టి తమ హర్షం తెలిపారు.

తర్వాత స్పీడు బ్రేకర్లు. మా ఊళ్లో స్పీడు బ్రేకరు ఎత్తు ఆ ఇంటివాళ్ల హోదాను బట్టి ఉంటుంది. ఇంద్రకరణ్ గారి ఇంటి ముందున్నది అన్నిటికంటే ఎత్తు, ఆయన స్వయంగా దగ్గరుండి పోయించారు. కారు కడుపు దానికి తగులుతుందని మనుషులందరూ దిగేవాళ్లు. అభిలాష్ ఒక్కడే బండిని మెల్లగా దాటించేవాడు. అందరూ నడిచి దాటి మళ్లీ ఎక్కేవాళ్లు. మార్కెట్టు చేరేలోపు ఇట్లా ఎన్నిసార్లు దిగి ఎక్కారంటే, ఆ నెల పద్మమ్మకు షుగరు తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆరోగ్యానికి మేలు అని సంఘం ఒక మంచి మార్కు వేసింది.

అసలు చిక్కు చార్జింగ్ దగ్గర వచ్చింది. ఇంట్లో పెట్టిన మొదటి సాయంత్రమే ఫ్రిజ్ మూలిగింది, ఫ్యాను నీరసపడింది, పక్కింటి సాల్మన్ రాజు మాస్టారు చూస్తున్న క్రికెట్టు మ్యాచ్ సరిగ్గా చివరి ఓవరులో ఆరిపోయింది. మాస్టారు మంచివాడు, మూడు రోజులు మాట్లాడటం మానేశాడు, అంతే. కరెంటు బిల్లు వచ్చాక ఇంద్రకరణ్ గారు కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు.

అప్పుడు అభిలాష్‌కు ఆలోచన వచ్చింది. అతను ఇంజనీరింగు చదివి ప్రస్తుతం ఆలోచనలు చేస్తున్నాడు. శంకరంపేట రోడ్డులో ఉన్న తమ పొలం దగ్గర బోరు ఉంది. బోరుకు త్రీ ఫేజు కరెంటు ఉంది. వ్యవసాయానికి కాబట్టి బిల్లు లేదు. మరి కారు వ్యవసాయం ఎట్లా అవుతుందని కృతిక అడిగింది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు ఉంది. అధ్యక్షుల వారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

"భూమి మనది. బండి కొన్న పైసలు భూమివి. బండిల కూసునేటోడు రైతు. ఇగ గిది వ్యవసాయం గాకపోతె మరేందమ్మా?"

కృతిక కాలేజీ సంచి తీసుకుని లోపలికి పోయింది. మీ దగ్గర జవాబు ఉంటే ఉంచుకోండి.

ఆ విధంగా కారు పొలానికి మారింది. ఒకప్పుడు ఎడ్లు కట్టేసిన కొట్టం ఊడ్చి, సున్నం కొట్టి, దాన్ని అక్కడ పెట్టారు. కుటుంబం పట్టణంలో, కారు బోరు కాడ. అందువల్ల మార్కెట్టుకు పోవాలంటే ముందు రత్నాకర్ ఆటోకు ఫోను చేసేవాళ్లు. ఆటోలో అందరూ పొలానికి పోయి, అక్కడ చెప్పులు విప్పి కారెక్కి, మెదక్ వచ్చి కూరగాయలు కొని, కారును మళ్లీ పొలంలో దింపి, కూరగాయల సంచులతో ఆటోలో ఇల్లు చేరేవాళ్లు. మార్కెట్టు వాళ్లింటికి రెండు సందుల అవతల ఉంది. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఆటోవాళ్ల పొట్ట కొడతాయని కొందరు భయపెడుతుంటారు. రత్నాకర్‌ను అడగండి. అతను ఆ నెలలోనే ఆటోకు కొత్త టాపు వేయించాడు.

ఆ బోరు కింద రెండెకరాలు ఎల్లం కౌలుకు చేస్తున్నాడు. యాసంగి వరి వేశాడు. అతనూ భార్య ఆగమ్మా తప్ప ఆ పొలంలో కాలు పెట్టి పనిచేసే మనిషి లేడు. కారు వచ్చాక ఎల్లం హోదా పెరిగింది. కారును కోతుల నుంచి కాపాడే పని అతనికి గౌరవంగా అప్పగించారు. తీగ పెట్టడం, తీయడం కూడా అతనికే నేర్పారు. ఒకటే ఇబ్బంది. మోటరూ కారూ కలిసి నడిస్తే ఫ్యూజు పోతుంది. కాబట్టి కారు తాగేటప్పుడు మడి తాగకూడదు. కారు తాగడం మొదలుపెడితే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తాగుతుంది. మోటరు తన చేత్తోనే బంద్ చేసి, కారుకు తీగ పెట్టి, కర్ర పట్టుకుని కోతుల కోసం చూస్తూ ఎల్లం తన మడి ఎండటాన్ని కొట్టం నీడలోంచి చూసేవాడు.

వరి అప్పుడు పొట్ట మీద ఉంది. ఆ సమయంలో నీళ్లు తగ్గితే గింజ పాలు పోసుకోదు, తాలు మిగులుతుంది. ఇది ఎల్లంకు తెలుసు, ఇంద్రకరణ్ గారికి తెలుసు, ఇంద్రకరణ్ గారి తాతకూ తెలుసు. పంట చేతికొస్తే ఎల్లం ఇంట్లో యేడాది తిండి ఉంటుంది, కౌలు ముడుతుంది, వచ్చే యేడు మళ్లీ అదే భూమి దొరుకుతుంది. రాకపోతే ఈ మూడూ లేవు. గట్టిగా అడిగితే పంట కంటే ముందు కౌలే పోతుంది. అందుకని అతను ఒకసారి మెత్తగా అడిగాడు. చూద్దామన్నారు. ఇంకోసారి అడిగాడు. బండి మీద కోతి గీతలున్నాయేమిటని ఎదురు అడిగారు.

ఇక ఆగమ్మ బయల్దేరి పద్మమ్మ దగ్గరికి వచ్చింది. గడప బయటే కూర్చుంది.

"అమ్మా, వరి పొట్టకొచ్చింది. మడి నెర్రెలు వడుతున్నది. జర పటేలుకు జెప్పి మోటరు ఎయ్యనియ్యుండ్రి. బండికి దినం తప్పి దినం పెట్టినా అది సావదు గద."

"నా మాట ఇంటె నేనెందుకు ఆటోల తిరుగుత ఆగమ్మా? గా బండి వచ్చినకాంచి నేను నడుసుడే ఎక్కువైంది. దానికి ఒకనాడు కరెంటు వెట్టకుంటె ఈళ్లకు పానం వోయినట్టే జేస్తరు."

పద్మమ్మ మనసు చెడ్డది కాదు. ఆగమ్మకు చాయ్ పోసి, ఇంత పచ్చడి కట్టిచ్చి, ఆ సాయంత్రమే విషయాన్ని సంఘం ముందు పెట్టారు. సంఘం సానుభూతితో చర్చించింది. కారు, మడి రెండూ తనకు రెండు కళ్లని అధ్యక్షులు అన్నారు. అభిలాష్‌కు మళ్లీ ఆలోచన వచ్చింది. ఫ్యూజు డబ్బాతో పని లేకుండా లావుపాటి దొడ్డు తీగ ఒకటి నేరుగా ట్రాన్స్‌ఫార్మరు నుంచి లాగితే మోటరూ నడుస్తుంది, కారూ నిండుతుంది. లాగించారు. ఆ మధ్యాహ్నం రెండూ కలిసి నడిచాయి. కాలువలో నీళ్లు చూసి ఆగమ్మ కొంగు నడుముకు బిగించి మడిలో దిగింది. ఎల్లం గట్లు సరిచేస్తూ, కారు దగ్గరికి వచ్చిన కోతిని కూడా ప్రేమగానే తరిమాడు. పొద్దు వాలకముందే ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడుతో కాలిపోయింది. దాని కింద బోర్లున్న రైతులందరి మోటర్లూ ఆగిపోయాయి.

రైతుల గోస చూసి ఊరుకునే మనిషి కాదు ఇంద్రకరణ్ గారు. మరునాడే ట్రాన్స్‌ఫార్మరు కాలడానికి కారణం ఏమిటో తేల్చేందుకు రైతులతో నిజనిర్ధారణ కమిటీ వేశారు. నిజం ఎక్కడికీ పోకుండా తానే దానికి పెద్దగా ఉన్నారు. కమిటీ ఆ దొడ్డు తీగను దాటుకుంటూ వెళ్లి ట్రాన్స్‌ఫార్మరును చూసింది. కమిటీలో ఉన్న స్వామి నోరు తెరవలేదు, అతని కోళ్లఫారం బల్బులన్నీ బోరు కరెంటు మీదే వెలుగుతాయి. పేతురు నోరు తెరవలేదు, అతని పిండి గిర్ని కూడా ఆ వ్యవసాయమే చేస్తుంది. మిగిలినవాళ్ల ఇళ్లల్లోనూ ఏదో ఒక వ్యవసాయం నడుస్తూనే ఉంది. ఎల్లంను ఎవరూ అడగలేదు, కౌలుదారు కాబట్టి అతను రైతుల లెక్కలోకి రాడు. చివరకు తీగ మీద పోతున్న ఒక ఉడుత వల్ల ప్రమాదం జరిగిందని కమిటీ ఏకగ్రీవంగా నిర్ధారించింది. శవం దొరకలేదు కాబట్టి ఉడుత పరారీలో ఉన్నట్టు భావించాలి. శ్రీరాముడికి వారధి కట్టిన జాతి ఇంతకు దిగజారడం బాధాకరమని ఇంద్రకరణ్ గారు విలేకరుల ముందు అన్నారు.

ఆ తర్వాత రామాయంపేట రోడ్డు మీద ధర్నా. టెంటు బాగా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు చల్లగా ఉన్నాయి, నేను కూడా కూర్చున్నాను. ట్రాన్స్‌ఫార్మరు కాలేలోపు కాస్త నిండిన కారులోనే ఇంద్రకరణ్ గారు వచ్చారు. నాయకుడు ఎత్తులో నిలబడి మాట్లాడాలి గానీ అద్దం పైకప్పు ఎక్కడానికి పద్మమ్మ ఒప్పుకోలేదు. అందుకని రత్నాకర్ ఆటో వెనక బంపరు మీద నిలబడి, కొత్త టాపు పట్టుకుని మాట్లాడారు. పద్మమ్మ, కృతిక కారులో ఏసీ వేసుకుని విన్నారు.

"అన్నలారా, పొలంల నీళ్లు లేవు గని రైతు కంట్ల నీళ్లు ఉన్నయి. నేను నాయకున్ని గాదు, మీ లెక్కనే ఒక రైతును. ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాంక ఈ రోడ్డు మీదికెల్లి లేవ. నా పానం వోయినా మంచిదే."

బండ్లు ఇటు అటు ఆగిపోయాయి. ఆగినవాటిలో ఒక ట్రాలీ ఉంది. ట్రాలీలో కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఉంది. డ్రైవరు ఆ సంగతి చెబుదామని నడుచుకుంటూ ముందుకొస్తే, కార్యకర్తలు మద్దతు తెలపడానికి వచ్చాడనుకుని మెడలో కండువా వేసి, మజ్జిగ ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. అతను పాపం రెండు మూడుసార్లు లేవబోయాడు. ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. ఫొటోలు, వీడియోలు అయ్యాక, ఎండ చల్లబడ్డాక ధర్నా ముగిసింది. ముగిసిన కాసేపటికే ట్రాన్స్‌ఫార్మరు పొలం చేరింది. ఇంత తొందరగా ఫలితం వచ్చిన పోరాటం జిల్లాలో ఇదివరకు లేదని మాట్లాడుకున్నారు.

విజయవార్త విని తూప్రాన్‌లో ఉన్న పెద్ద నాయకుడు ఇంద్రకరణ్ గారిని వెంటనే వచ్చి కలవమన్నాడు. ధర్నా పొడుగునా ఏసీ నడిచి కారు ఖాళీ అయిపోయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు పసిబిడ్డ లాంటిది, మొదట్లోనే అన్ని మోటర్ల బరువూ మోపడం మంచిది కాదని అభిలాష్ రైతులకు ఓపికగా వివరించాడు. ముందు కారు నిండాలి, నాయకుడు తూప్రాన్ పోవాలి, ఆ తర్వాత మోటర్లు. రైతులు అర్థం చేసుకున్నారు. మా రైతులు ఏదైనా అర్థం చేసుకుంటారు. కారు తూప్రాన్ పోయి వచ్చింది. వచ్చింది కాబట్టి మళ్లీ నింపాల్సి వచ్చింది. టికెట్టు ఖాయమైంది, చంద్రకాంత్ తన డీజిలు బండిని బేరానికి పెట్టాడు.

ఎల్లం మడికి నీళ్లు వచ్చేసరికి వరి ఈనింది. వెన్నులు తెల్లగా వచ్చాయి. అతను ఒక వెన్ను దూసి అరచేతిలో నలిపి ఊదాడు. చేతిలో ఏమీ మిగల్లేదు. ఇంకొకటి తీసి ఊదాడు. ఆగమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఒడ్డు మీద కూర్చోబెట్టింది. ఆ వారంలోనే ఇద్దరూ గొర్ల మందను పిలిచి, కోతకు పనికిరాని ఆ పైరు మీదికి తోలించారు. ఆ దారిన పోతూ నేను చూశాను. మొహం తిప్పుకుని వచ్చేశాను.

ఇక సంఘం తుది సమావేశం జరిగింది. కారు రోజువారీ సంసారానికి అన్ని విధాలా అనువైనదని, ఖర్చు శూన్యమని, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని తీర్మానం చేశారు. కృతిక ఏదో అనబోయింది గానీ సమయం చాలలేదు. ఇది విని షోరూం వాళ్లు పొంగిపోయి, సంతృప్తి చెందిన కుటుంబం మీద వీడియో తీస్తామని కెమెరాలతో వచ్చారు. కుటుంబం మాట్లాడింది. మామూలు జనం కూడా ఒకరు మాట్లాడితే సహజంగా ఉంటుందన్నారు. ఇంద్రకరణ్ గారు ఎల్లంను పిలిపించారు. అతను తువ్వాల భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకుని, కారు పక్కన నిలబడ్డాడు. బండి ఎట్లా ఉందో చెప్పు పెద్దయ్యా అన్నారు.

"బండి మంచిగుంది," అన్నాడు ఎల్లం. "రెండెకరాలు మింగింది. చప్పుడు జెయ్యలే."

కెమెరా మనిషి తల పక్కకు తీసి చూశాడు. తర్వాత ఇంద్రకరణ్ గారు నవ్వి, మా ఎల్లం గట్లనే మజాక్ జేస్తడన్నారు. షోరూం వాళ్లు కూడా నవ్వారు. వీడియోలో మధ్య ముక్క కోసేశారు. "బండి మంచిగుంది. చప్పుడు జెయ్యలే." కంపెనీకి అంతకంటే కావలసింది లేదు. వచ్చే యేటికి కౌలు వేరేవాళ్లకు ఇచ్చారు.

వీడియో మెదక్‌లో అందరి ఫోన్లకూ వచ్చింది. మధ్యలో ఏం పోయిందో స్వామికి తెలుసు, పేతురుకు తెలుసు, నాకు తెలుసు. అందరం మెచ్చుకున్నట్టు బొటనవేలు బొమ్మ పెట్టాం. కింద జనం అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే, ఈ పాటికి మీరు కూడా అడగబోతున్నదే. ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది?

కంపెనీ వాళ్లు చెప్పిన లెక్క నాకు గుర్తులేదు. చూసింది చెబుతాను. ఎల్లం, ఆగమ్మ కూలి వెతుక్కుంటూ తూప్రాన్ దాటి హైదరాబాదు దాకా పోయారు. ఇంకా తిరిగి రాలేదు.